కుక్క కంటి ఆపరేషన్‌కు అంత ఖర్చు ఎందుకు?

ఊళ్ళో తాతగారికి శుక్లం తీయించాలంటే ఉచిత కంటి శిబిరం ఎప్పుడు పెడతారో కనుక్కుంటే చాలు. బస్సులో తీసుకెళ్ళి, ఆపరేషన్ చేసి, లెన్సు వేసి, నల్ల కళ్ళద్దాలు పెట్టి తిరిగి ఇంటి దగ్గర దింపుతారు. చాలాచోట్ల ఒక్క రూపాయి కట్టే పని ఉండదు. అదే ఇంట్లో తొమ్మిదేళ్ళుగా తిరుగుతున్న కుక్కకు అదే జబ్బు వస్తే, నగరంలోని ప్రైవేటు పశువుల ఆసుపత్రి ఒక్కో కంటికి పదుల వేల రూపాయలు చెబుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకైతే ఒక కంటికి సుమారు 3,000 నుంచి 5,000 డాలర్ల అంచనా చేతికొస్తుంది. మనిషికి లేని ఖర్చు కుక్కకెందుకని అడగడం న్యాయమే. జవాబు తెలియాలంటే కుక్క కన్ను ఎలా ఉంటుందో, దాన్ని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టినప్పుడు ఏమవుతుందో తెలియాలి.

అయితే అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. కుక్క కన్ను తెల్లబడినంత మాత్రాన అది శుక్లం కానక్కరలేదు.

కంటి లెన్సులో జీవితాంతం కొత్త పోగులు పుడుతూనే ఉంటాయి. ఉల్లిపాయలో పొర మీద పొర పేరినట్టు పాత పోగుల మీద కొత్తవి చేరతాయి. పాతవి బయటికి పోయే దారి లేదు కాబట్టి మధ్యభాగం నొక్కుకుపోయి గట్టిపడుతుంది. ఆరేడేళ్ళు దాటిన కుక్కల్లో ఈ గట్టిపడిన భాగం మీద వెలుగు చెదిరి, కనుపాప లోపల నీలిబూడిద రంగు పొగమంచులా కనిపిస్తుంది. పశువైద్యులు దీన్ని న్యూక్లియర్ స్క్లెరోసిస్ అంటారు. ఇది వయసుతో వచ్చే మార్పు. దీనివల్ల చూపు పెద్దగా దెబ్బతినదు, ఆపరేషన్ అవసరమే లేదు. అసలైన శుక్లం వేరు. కుక్క రెటీనా వెనక టాపెటం అనే మెరుపు పొర ఉంటుంది. రాత్రిపూట కారు లైట్ల ముందు కుక్క కళ్ళు మెరిసేది దానివల్లే. కనుపాపను మందుతో విప్పార్చి డాక్టరు లైటు వేసినప్పుడు, న్యూక్లియర్ స్క్లెరోసిస్ ఉన్న కంట్లో ఆ మెరుపు తేటగా తిరిగొస్తుంది. శుక్లం ఉన్నచోట అడ్డుపడి నల్లని మచ్చగా కనిపిస్తుంది. కొన్ని నిమిషాల ఈ పరీక్షతో ఎన్నో కుటుంబాల భయం తీరిపోతుంది, పెద్ద ఖర్చూ తప్పుతుంది.

చూపు ఎంత ఉందో ఇంట్లోనే కొంతవరకు కనిపెట్టవచ్చు. ఒక దూది ఉండ తీసుకుని, కుక్క ముందు కూర్చుని, దాని ముఖానికి కాస్త ఎత్తు నుంచి వదలండి. దూది చప్పుడు చేయదు, దానికి వాసనా పెద్దగా ఉండదు. చూపున్న కుక్క కళ్ళు, తల దూదితో పాటు కిందికి దిగుతాయి. చూపు లేనిది మీ ముఖం వైపే చూస్తూ ఉంటుంది. బంతితో గానీ బిస్కెట్‌తో గానీ చేస్తే ఈ పరీక్ష చెల్లదు. చెవి, ముక్కు చెప్పిన సమాచారంతోనే కుక్క తల తిప్పేస్తుంది, మనం అది చూసిందనుకుంటాం. ఇల్లంతా తెలిసిన కుక్క చూపు పోయిన సంగతి నెలల తరబడి బయటపడకపోవడానికి కారణం ఇదే. సోఫా జరిపిన రోజున గుద్దుకుంటుంది, అప్పుడు తెలుస్తుంది.

ఇక అసలు శుక్లం ఎందుకు వస్తుందంటే, కుక్కల్లో ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి వంశం. కాకర్ స్పానియల్, పూడుల్, మినియేచర్ ష్నాజర్, లాబ్రడార్ వంటి జాతుల్లో ఇది తరతరాలుగా దిగి వస్తుంది. కొన్నిటికి రెండు మూడేళ్ళ వయసులోనే మొదలవుతుంది. రెండోది మధుమేహం. రక్తంలో చక్కెర పెరిగితే లెన్సులోకీ ఎక్కువగా చేరుతుంది. అక్కడ ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము దాన్ని సార్బిటాల్‌గా మారుస్తుంది. సార్బిటాల్ లెన్సు కణాల్లోంచి తేలిగ్గా బయటికి పోలేదు, పైగా నీటిని లోపలికి లాగుతుంది. లెన్సు ఉబ్బి, పోగులు చెదిరి, కొన్నిసార్లు కొద్ది రోజుల్లోనే కన్ను తెల్లగా మారిపోతుంది. మధుమేహం బయటపడిన కుక్కల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఏడాది లోపే శుక్లాలు వస్తాయి. పెద్ద వయసు పిల్లుల లెన్సులో ఈ ఎంజైము చురుకు తక్కువ కాబట్టి వాటికి ఈ బెడద అరుదు. కుక్కకు దాహం, మూత్రం ఎక్కువై, బాగా తింటున్నా చిక్కిపోతుంటే కన్ను తెల్లబడేదాకా ఆగకుండా చక్కెర పరీక్ష చేయించాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు పెద్దయ్యాక మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువన్నది కూడా గుర్తుంచుకోవాలి.

శుక్లం అని తేలిందనుకుందాం. ఇక్కడ మొదలయ్యే ఖర్చులో మొదటి భాగం పరీక్షలది. చాలామంది దీన్ని అనవసరమనుకుంటారు. నా దృష్టిలో బిల్లు మొత్తంలో అత్యంత విలువైనది ఇదే. లెన్సు తెల్లబడితే దాని వెనక రెటీనా కనిపించదు. ఆ రెటీనా పనిచేయకపోతే ముందున్న లెన్సును ఎంత చక్కగా మార్చినా కుక్కకు చూపు రాదు. లాబ్రడార్లలో, పూడుల్స్‌లో, కాకర్లలో రెటీనా క్రమంగా క్షీణించే వంశపారంపర్య జబ్బు ఒకటుంది. అది శుక్లాన్ని కూడా వెంటబెట్టుకొస్తుంది. అందుకే ఎలక్ట్రోరెటినోగ్రామ్ అనే పరీక్ష చేస్తారు. కంటికి ఒక ఎలక్ట్రోడు పెట్టి, వెలుగు మెరిపించి, రెటీనా నుంచి విద్యుత్ స్పందన వస్తోందో లేదో నమోదు చేస్తారు. గీత చదునుగా వస్తే ఆపరేషన్ ఆలోచన అక్కడితో మానుకోవాలి. రెటీనా ఊడిందేమో తెలుసుకోవడానికి కంటికి అల్ట్రాసౌండ్ తీస్తారు. వీటికి రక్తపరీక్షలు, వయసు మీరిన కుక్కకు గుండె పరీక్ష తోడవుతాయి. మధుమేహం ఉంటే ముందు ఇన్సులిన్‌తో చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి.

ఇప్పుడు ఆపరేషన్ గది సంగతి. శుక్లాన్ని పగలగొట్టి పీల్చేసే ఫేకో పద్ధతిని న్యూయార్క్ కంటి వైద్యుడు చార్లెస్ కెల్మన్ 1967లో మనుషుల కోసం తీసుకొచ్చాడు. పళ్ళ డాక్టరు పళ్ళు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ పరికరం చూసి ఆయనకు ఆ ఆలోచన తట్టింది. నేడు కుక్కలకు చేసేది కూడా ఆ పద్ధతే, వాడేదీ అదే తరహా యంత్రం. కంటి ముందున్న పారదర్శక పొర కార్నియా అంచున సుమారు మూడు మిల్లీమీటర్ల కోత పెడతారు. లెన్సు సంచికి ముందువైపు గుండ్రంగా కిటికీ తెరుస్తారు. సెకనుకు దాదాపు నలభై వేల సార్లు కంపించే సూదిమొనతో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేస్తారు. ఖాళీ అయిన సంచిలోకి మడతపెట్టిన కృత్రిమ లెన్సును దూర్చి విప్పుతారు. కార్నియాకు వెంట్రుక కంటే సన్నని దారంతో కుట్లు వేస్తారు.

ఇంతవరకు మనిషికీ కుక్కకీ పెద్ద తేడా లేదు. తేడా అంతా మత్తులో ఉంది. మనిషికి కంట్లో మత్తు చుక్కలు వేసి గానీ, కంటి పక్కన ఒక సూది ఇచ్చి గానీ పని ముగిస్తారు. డాక్టరు పైకి చూడమంటే మనిషి పైకి చూస్తాడు, కదలొద్దంటే కదలడు. కుక్కకు పూర్తి మత్తు ఇవ్వక తప్పదు. మత్తులోకి జారగానే దాని కనుగుడ్డు కిందికి, ముక్కు వైపుకి తిరిగిపోతుంది. మైక్రోస్కోపు కింద సర్జన్‌కు తెల్లగుడ్డు మాత్రమే కనిపిస్తుంది. కంటిని తిరిగి నడిమధ్యకు తీసుకురావడానికి కండరాలను సడలించే మందు ఇస్తారు. ఆ మందు కంటి కండరాలతో పాటు ఊపిరి తీసుకునే కండరాలనూ సడలిస్తుంది. కాబట్టి ఆపరేషన్ సాగినంతసేపూ కుక్క తరఫున వెంటిలేటరు ఊపిరి తీయాలి. గుండె, రక్తపోటు, ఆక్సిజన్ చూసుకుంటూ మత్తు ఇచ్చే డాక్టరు పక్కనే ఉండాలి. పదిహేను నిమిషాల్లో ఒక మనిషి పూర్తయి రెండో మనిషి బల్లెక్కే కంటి ఆసుపత్రి పద్ధతి ఇక్కడ కుదరదు. మత్తుకు సిద్ధం చేయడం, తేరుకునేదాకా కనిపెట్టుకుని ఉండడం కలిపి ఒక్క కుక్కకే సగం పూట పడుతుంది.

ఒక సౌలభ్యం మాత్రం ఉంది. మనుషులకు సాధారణంగా ఒక కంటికి చేసి, కొన్నాళ్ళు ఆగి రెండోదానికి చేస్తారు. కుక్కకు మళ్ళీ మళ్ళీ మత్తివ్వడం ప్రమాదం కాబట్టి, రెండు కళ్ళకూ శుక్లాలుంటే చాలావరకు ఒకేసారి తీసేస్తారు. అందుకే రెండు కళ్ళ ఖర్చు ఒక కంటి ఖర్చుకు సరిగ్గా రెట్టింపు కాదు. అంచనా అడిగేటప్పుడు ఈ సంగతి విడిగా అడగాలి.

లెన్సు కూడా మనిషిది పనికిరాదు. కుక్క సహజ లెన్సు పరిమాణంలో మన లెన్సుకు దాదాపు రెట్టింపు ఉంటుంది. కనుగుడ్డు పొడవు మాత్రం మనకంటే తక్కువ. లెన్సు కూర్చునే చోటు కూడా లోతుగా ఉంటుంది. అందువల్ల వెలుగును రెటీనా మీద నిలపాలంటే మరింత శక్తి గల లెన్సు కావాలి. మనిషికి వేసేది సగటున ఇరవై డయాప్టర్ల చుట్టుపక్కల ఉంటే, కుక్కకు దాదాపు 41 డయాప్టర్లు కావాలి. లెన్సు వేయకుండా వదిలేస్తే కుక్కకు సుమారు 14 డయాప్టర్ల దూరదృష్టి మిగులుతుంది. గోడలు, మనుషులు తెలుస్తారు, దారి చూసుకుని నడుస్తుంది, కానీ దగ్గరివన్నీ మసకే. లెన్సు సంచి చిరిగిపోయి లెన్సు నిలవని సందర్భాల్లో సర్జన్లు అలాగే వదిలేస్తారు. అంతమాత్రాన ఆపరేషన్ వృథా అయినట్టు కాదు.

ఈ లెన్సు ధర దగ్గర మన దేశపు కథ ఒకటి చెప్పుకోవాలి. మధురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. అప్పట్లో విదేశాల నుంచి వచ్చే కృత్రిమ లెన్సు ఖరీదు వంద డాలర్ల దాకా ఉండేది, పేదవాడికి అందేది కాదు. 1992లో ఆ సంస్థే ఆరోల్యాబ్ పేరిట సొంతంగా లెన్సుల తయారీ మొదలుపెట్టి ధరను పది డాలర్ల లోపుకు దించింది. మన దేశంలో ఏటా అరవై లక్షలకు పైగా శుక్లం ఆపరేషన్లు జరుగుతున్నాయి. అంత గిరాకీ ఉండబట్టే యంత్రం ఖరీదు, లెన్సు ఖరీదు, సర్జన్ చదువు ఖరీదు లక్షల మంది మీద పంచుకుపోయాయి. తాతగారి ఆపరేషన్ ఉచితంగా జరగడం వెనక ప్రభుత్వ నిధులు, దాతల డబ్బు, ఈ సంఖ్య మూడూ ఉన్నాయి. కుక్కల విషయంలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఫేకో యంత్రం కొన్న పశువుల ఆసుపత్రి నెలకు చేసే ఆపరేషన్లు కొద్దివే. కుక్క లెన్సులు తయారుచేసే కంపెనీలు ప్రపంచంలోనే కొద్ది. పశువైద్య పట్టా పుచ్చుకున్నాక కంటి వైద్యంలో ప్రత్యేకంగా ఏళ్ళ తరబడి శిక్షణ పొందినవాళ్ళు ఇంకా కొద్ది. పెంపుడు కుక్కల బీమా స్వీడన్, బ్రిటన్‌లలో మామూలు విషయం. మన దగ్గర తీసుకునేవాళ్ళు ఇప్పటికీ తక్కువే. ఉన్న పాలసీలు కూడా వంశపారంపర్య జబ్బుల్ని, పాలసీకి ముందే ఉన్న జబ్బుల్ని పక్కన పెట్టేస్తాయేమో చదివి చూసుకోవాలి.

ఆపరేషన్ అయిన రోజుతో ఖర్చు ఆగదు. మనిషి కంటికంటే కుక్క కన్ను కోతకు చాలా తీవ్రంగా స్పందిస్తుంది. కంట్లోకి ప్రోటీన్లు ఊరి, ఫైబ్రిన్ పోగులు అల్లుకుని వాపు వస్తుంది. ఆ వాపు అదుపు తప్పితే నీటికాసులు (కంటి ఒత్తిడి పెరిగే గ్లాకోమా), రెటీనా ఊడడం వంటి ఉపద్రవాలు వెంటబడతాయి. అందుకే మొదటి వారాల్లో రోజుకు నాలుగైదు సార్లు రెండు మూడు రకాల చుక్కలు, నోటి మందులు, మెడకు ప్లాస్టిక్ కాలర్, మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, తర్వాత నెలల తరబడి కంటి ఒత్తిడి పరీక్షలు. సకాలంలో చేసిన ఆపరేషన్‌తో నూటికి 85-90 కుక్కలకు చూపు తిరిగొస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఉపద్రవాల వల్ల ఆ సంఖ్య కొంత తగ్గుతుంది. ముఖం దగ్గరికి చెయ్యి తెస్తే కరిచే కుక్కకు, పగలంతా ఎవరూ ఉండని ఇంట్లోని కుక్కకు ఈ ఆపరేషన్ చేయించే ముందు గట్టిగా ఆలోచించాలి. చుక్కలు సరిగా పడని కంట్లో వేలు పోసి వేయించిన లెన్సు నిలవదు. అలాగని ముదిరేదాకా ఆగడమూ మంచిది కాదు. ముదిరిన శుక్లం నుంచి ప్రోటీన్లు కారి కన్ను లోపల వాపు ముందే మొదలవుతుంది, ఆపరేషన్ గెలిచే అవకాశం తగ్గిపోతుంది.

ఆపరేషన్ లేకుండా చుక్కలతో శుక్లం కరిగిస్తామని చెప్పే మందుల ప్రకటనలు చాలామందిని ఊరిస్తున్నాయి. 2015లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. లానోస్టెరాల్ అనే పదార్థం కుక్కల లెన్సులో గడ్డకట్టిన ప్రోటీన్లను కొంత విడదీసిందని అందులో రాశారు. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత ఇతర పరిశోధకులు మనుషుల నుంచి తీసిన శుక్లాల మీద పరీక్షించినప్పుడు ఆ ఫలితం కనిపించలేదు. ఈనాటికీ శుక్లాన్ని కరిగిస్తుందని రుజువైన చుక్కల మందు లేదు. ఆ చుక్కల మీద పెట్టే డబ్బు, వాటిని వాడుతూ పోగొట్టుకునే నెలలు రెండూ నష్టమే.

కంటి ఆపరేషన్లన్నీ ఇంత ఖరీదైనవి కావు. చిన్న కుక్కపిల్లలకు, ముఖ్యంగా బుల్‌డాగ్, బీగిల్, కాకర్ పిల్లలకు కంటి మూలలో ఎర్రని గుండ్రటి కండ పైకి ఉబుకుతుంది. దాన్ని చెర్రీ ఐ అంటారు. అది గడ్డ కాదు. కుక్కకున్న మూడో రెప్పలోని కన్నీటి గ్రంథి చోటు తప్పి బయటికొచ్చిందన్నమాట. పూర్వం దాన్ని కత్తిరించి పారేసేవారు. ఐదు నిమిషాల పని, ఖర్చూ తక్కువ. అయితే కన్నీటిలో మూడో వంతు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ, ఆ గ్రంథి నుంచే వస్తుంది. కత్తిరించిన కొన్నేళ్ళకు కన్ను ఎండిపోయి, జిగురు పట్టి, కార్నియా నల్లబడి, సైక్లోస్పోరిన్ మందు జీవితాంతం వాడవలసి వచ్చేది. ఇప్పుడు గ్రంథిని లోపలికి నెట్టి పైన పొరతో జేబులా కుట్టేస్తున్నారు. ఎవరైనా ఇంకా చవకలో కత్తిరించేస్తామంటే ఒప్పుకోవద్దు.

పగ్, షీ జూ లాంటి పొట్టి ముక్కు కుక్కల్ని మన నగరాల్లో విపరీతంగా పెంచుతున్నారు. వీటి కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, రెప్పలు పూర్తిగా మూతపడవు. చిన్న దెబ్బకే కార్నియాకు పుండు పడుతుంది. ఇక్కడే మన ఇళ్ళలో ఒక ఘోరం జరుగుతోంది. ఇంట్లో ఎవరికో రాసిచ్చిన చుక్కలు మిగిలి ఉంటాయి, కుక్క కన్ను ఎర్రబడగానే అవే వేసేస్తారు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే పుండు మానడం ఆగిపోతుంది, కార్నియా కరగడం మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో కంటికి రంధ్రం పడవచ్చు. అప్పుడు కంటి తెల్లపొరను తెచ్చి పుండు మీద కుట్టే ఆపరేషన్ చేయాలి. లేదా కన్నే పోతుంది. ఆ చుక్కలు వేసే ముందు పశువైద్యుడు ఒక చిన్న కాగితపు పట్టీని కంటికి తాకిస్తే సరిపోయేది. ఫ్లోరెసిన్ రంగు పూసిన ఆ పట్టీ తగలగానే, పుండు ఉన్నచోటు నీలం లైటులో ఆకుపచ్చగా మెరుస్తుంది. దాని ఖర్చు ఆపరేషన్ ఖర్చులో లెక్కలోకే రాదు.

ఇక నీటికాసులు. కుక్క కంటి ఒత్తిడి మామూలుగా పాదరస మట్టంలో 10 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అది హఠాత్తుగా నలభై, యాభై దాటితే ఒకటి రెండు రోజుల్లోనే చూపు శాశ్వతంగా పోతుంది. చూపు పోయాక కూడా నొప్పి పోదు. కుక్క ఏడవదు, మూలగదు. ఎక్కువగా నిద్రపోతుంది, ఆట మానేస్తుంది, తల తాకితే పక్కకు తప్పుకుంటుంది. వయసు మీద పడిందిలే అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటారు. అలాంటి గుడ్డి కంటిని తీసేయడం చాలామందికి క్రూరంగా తోస్తుంది, నెలల తరబడి వాయిదా వేస్తారు. తీయించిన కొద్ది రోజులకే కుక్క మళ్ళీ బంతి నోట కరుచుకుని రావడం చూసి, ఇన్నాళ్ళూ ఎందుకాగామని బాధపడతారు. శుక్లం ఆపరేషన్‌తో పోలిస్తే కన్ను తీసే ఆపరేషన్ ఖర్చు చాలా తక్కువ. ఫేకో యంత్రం గానీ, ప్రత్యేక లెన్సు గానీ అక్కరలేదు.

చూపు లేని కుక్క బతుకు చీకటైపోతుందని మనం మన లెక్కలో అనుకుంటాం. దానికి వాసనే ప్రధానమైన దారి, వినికిడి రెండోది. ఇంట్లో సామాను కదపకుండా, నీళ్ళ గిన్నె చోటు మార్చకుండా, దగ్గరికి వెళ్ళే ముందు పేరు పెట్టి పిలిస్తే చాలా కుక్కలు కొద్ది వారాల్లో సర్దుకుంటాయి. శుక్లం ఆపరేషన్‌కు డబ్బు సమకూరని కుటుంబం తన కుక్కకు అన్యాయం చేస్తున్నట్టు కుమిలిపోనక్కరలేదు. చేయించకపోయినా వాపు రాకుండా చుక్కలు వేస్తూ, అప్పుడప్పుడు కంటి ఒత్తిడి చూపించుకుంటూ ఉండాలి, అంతే.

డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు దాన్ని ముందు నొప్పి మీద పెట్టాలి, తర్వాత చూపు మీద. ప్రైవేటు అంచనా భారమనిపిస్తే పశువైద్య విశ్వవిద్యాలయాల బోధనాసుపత్రుల్లో అడగండి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం మనకు దగ్గరే ఉన్నాయి. చెన్నై వేపేరిలోని మద్రాస్ పశువైద్య కళాశాలలో కళ్ళకు ప్రత్యేక విభాగమే ఉంది. బయలుదేరే ముందు ఫోన్ చేసి ఏ పరీక్షలు, ఏ ఆపరేషన్లు చేస్తున్నారో కనుక్కోండి. కన్ను తెల్లబడితే ఒక వారం వ్యవధి తీసుకోవచ్చు. కన్ను ఎర్రబడినా, కుక్క దాన్ని మూసుకునే ఉన్నా, ఉబ్బినట్టు కనిపించినా, ఆ రోజే డాక్టరుకు చూపించండి. మందుల డబ్బాలోని పాత చుక్కల జోలికి మాత్రం వెళ్ళకండి.